బర్టన్ నుంచి బేక్‌వెల్ దాకా: బీరు నురగ వెళ్లే దారి

ఇంగ్లండులోని డెర్బీలో రైలెక్కితే బర్టన్ ఆన్ ట్రెంట్ పది పన్నెండు నిమిషాల ప్రయాణం. ఊళ్లో బీరు కాచే ట్యాంకులు ఇళ్లకంటే ఎత్తుగా కనిపిస్తాయి. గాలి అటునుంచి వీస్తే రెండు వాసనలు తగులుతాయి. ఒకటి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఉడుకుతున్న తియ్యటి వాసన, రెండోది ఉప్పగా, ఘాటుగా ఉండే మార్మైట్ (రొట్టె మీద రాసుకునే ఈస్ట్ ముద్ద) వాసన. రెండింటికీ దగ్గరి చుట్టరికం. బీరు పులిసేటప్పుడు మిగిలిపోయే ఈస్ట్ ఇక్కడ కావలసినంత దొరికేది కాబట్టే 1902లో మార్మైట్ ఫ్యాక్టరీ ఈ ఊళ్లో పెట్టారు. అంత ఈస్ట్ ఎక్కడిది? నురగతో పొంగి బయటికొచ్చినది. ఆ పొంగును బర్టన్ వాళ్లు ఎలా దారికి తెచ్చారో చూడడానికే ఈ ప్రయాణం.

ఇంట్లో బీరు కాచేవాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. ఇంగ్లండులో 1963 నుంచి ఇంటి వాడకానికి బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అమ్మకూడదంతే. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు కూడా వంటింట్లో 20 లీటర్ల బీరు కాచుకునే బకెట్ పెట్టుకుంటున్నారు. మన రాష్ట్రాల్లో మాత్రం ఎక్సైజు చట్టం దీనికి ఒప్పుకోదు, అది గుర్తుంచుకోవాలి. పొంగు సంగతి మనకు కొత్తేమీ కాదు. ఇడ్లీ పిండిని గిన్నె నిండా పోసి మూత బిగిస్తే పొద్దున గట్టు మీద ఏం కనిపిస్తుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. కల్లు లొట్టి మూతి మీద కారిన నురగా అదే. ఇంట్లో కాచే బీరులో తేడా ఏమిటంటే మామూలుగా గాలి చొరబడకుండా మూత బిగిస్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

లెక్క వేసి చూస్తే భయం ఎందుకో అర్థమవుతుంది. 1.050 గ్రావిటీతో (నీళ్లతో పోల్చిన సాంద్రత, చక్కెర ఎంతుందో చెప్పే కొలత) మొదలై 1.012 దగ్గర ఆగే 20 లీటర్ల బీరు, పులిసే కాలమంతా కలిపి దాదాపు 400 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే వస్తుంది. మాల్ట్‌లోని ప్రోటీన్లు, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) జిగురు, ఈస్ట్ కలిసి ఆ గ్యాసును పట్టుకుని గట్టి నురగ కడతాయి. ఆ నురగ, గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని, వేలెడు లావు కూడా లేని ఎయిర్‌లాక్‌లోకి ఎక్కుతుంది. హాప్స్ తునకలు దాని సన్నటి దారిలో ఇరుక్కుంటాయి. లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరిపోతుంది, గోధుమరంగు జిగురు పైకప్పుకు అంటుకుంటుంది. బకెట్ అయితే శుభ్రం చేసుకుంటే సరిపోతుంది. గాజు కార్బాయ్ (సన్న మూతి ఉన్న పెద్ద సీసా) మూతిలో రబ్బరు బిరడా గట్టిగా బిగిసిపోతే సీసా పగలొచ్చు. గాజు పాత్రకు బిరడా ఎప్పుడూ బలంగా దిగ్గొట్టకూడదు.

బర్టన్‌లో దీనికి దొరికిన జవాబు యూనియన్ పద్ధతి. పీటర్ వాకర్ దానికి 1838లో పేటెంటు తీసుకున్నాడు. పెద్ద ఓక్ పీపాలను వరుసగా పేర్చి గొట్టాలతో కలిపేస్తారు, యూనియన్ అన్న పేరు అందుకే. బీరు ముందు ఒక తెరిచిన తొట్టిలో పులియడం మొదలుపెడుతుంది. తర్వాత దాన్ని పీపాల్లోకి దించుతారు. ప్రతి పీపా పైనా హంస మెడలా వంగిన గొట్టం ఉంటుంది. పొంగిన నురగ అందులోంచి ఎక్కి పైనున్న పొడవాటి తొట్టిలో పడుతుంది. ఈస్ట్ అక్కడే పేరుకుంటుంది, దానితో వచ్చిన బీరు తేరుకుని మళ్లీ కింది పీపాల్లోకి జారుతుంది. నురగ మీద మూత పెట్టే ఆలోచనే ఇందులో లేదు. దానికి దారి ఇచ్చారు, దిగడానికి చోటు ఇచ్చారు.

బర్టన్‌లో ఈ పద్ధతిని చివరిదాకా నిలిపింది మార్‌స్టన్స్ అనే బీరు కంపెనీ. 2024లో అక్కడ దాన్ని ఆపేశాక ఒక సెట్టు బేక్‌వెల్‌లోని థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీకి చేరింది. అందుకని బర్టన్‌లో ఆగకుండా డెర్బీకి తిరిగొచ్చి, అక్కడినుంచి మ్యాట్‌లాక్ రైలు పట్టుకోవాలి. బేక్‌వెల్‌కు రైల్వే స్టేషన్ లేదు. మ్యాట్‌లాక్‌లో దిగి బస్సెక్కితే కొండల మధ్య, వై నది పక్కగా అరగంటలోపే చేరుస్తుంది. బ్రూవరీ ఊరి అంచునే ఉంది. జైపూర్ అన్న పేరుతో 5.9 శాతం ఆల్కహాలున్న ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ ఎక్కువ వేసే బీరు) కాచేది వీళ్లే.

పీపాల ముందు నిలబడితే మొదట కంటికి ఆనేది పరిమాణం. ఒక్కోటి దాదాపు 150 ఇంగ్లీషు గ్యాలన్లు, అంటే సుమారు 680 లీటర్లు. ఆ తర్వాత కన్ను పోయేది హంస మెడ గొట్టాల లావు మీద. ఇంట్లో బీరు కాచేవాళ్లు ఇక్కడ నేర్చుకోవలసింది ఆ లావే. చాలామంది ఎయిర్‌లాక్ నుంచి నురగ కారుతుంటే దాన్ని కడిగి మళ్లీ అదే పెడతారు. గంటలో మళ్లీ కారుతుంది. చేయవలసింది దారిని వెడల్పు చేయడం.

గాజు కార్బాయ్ అయితే మూతిలో నేరుగా బిగిసే 25 నుంచి 30 మిల్లీమీటర్ల బయటి వ్యాసం గల గొట్టం మేలు. మధ్యలో సన్నబడే చోటు ఉండకూడదు. బకెట్‌కైతే మూడు ముక్కల ఎయిర్‌లాక్ లోపలి టోపీ, పైమూత తీసేసి, మధ్యలో నిలిచిన కాడ మీద 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గొట్టం తొడగాలి. ఆ ఎయిర్‌లాక్ కాలు అడుగున అడ్డంగా చిన్న ప్లస్ గుర్తు లాంటి జాలి ఉంటుంది. హాప్స్ చిక్కుకునేది అక్కడే, ముందుగానే కోసేయాలి. గొట్టం మీటరు పొడవు చాలు, ఎక్కడా కిందికి వేలాడి వంపు కట్టకూడదు. వంపులో నురగ నిలిచిపోయి దారి మూసుకుంటుంది. రెండో కొస మూడు నాలుగు లీటర్ల జగ్గులో, శానిటైజర్ నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు మునిగితే సరిపోతుంది. లోతుగా ముంచితే ఒత్తిడి ఊరికే పెరుగుతుంది. జగ్గు సగానికే నింపాలి, మిగతా సగం వచ్చే నురగది. అందులో బ్లీచ్ వద్దు. స్టార్ శాన్ అనే శానిటైజర్ లీటరుకు 1.5 మిల్లీలీటర్ల లెక్కన కలిపితే, పొరపాటున వెనక్కి పీల్చుకున్నా బీరు పాడవదు.

ఈ వెనక్కి పీల్చుకోవడం చాలామంది మరిచిపోయే సంగతి. పులియడం అయ్యాక బకెట్‌ను ఫ్రిజ్‌లో పెడితే లోపలి గ్యాసు కుంచించుకుని జగ్గులోని నీళ్లను పైకి లాగుతుంది. చల్లబరిచే ముందే గొట్టం తీసి మామూలు ఎయిర్‌లాక్ పెట్టుకోవాలి. నురగ వెనక్కి పడిపోయాక, అంటే మూడు నాలుగు రోజులకు, ఎలాగూ గొట్టం అవసరం తీరిపోతుంది.

పీపాల లోపల చల్లనీళ్లు ప్రవహించే చుట్టల గొట్టాలు కూడా పెట్టే రివాజు బర్టన్‌లో ఉండేది. దాని వెనక కారణం ఇంటి బకెట్‌కూ వర్తిస్తుంది. పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ఉధృతంగా ఉన్న రోజున బీరు గది కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు వేడిగా ఉంటుంది. గది 22 డిగ్రీలుంటే బీరు 26 దాటిపోవచ్చు. నురగ మీది దాకా వస్తుంది, రుచిలో మండే ఆల్కహాలు ఘాటు మిగులుతుంది. ఇంగ్లీషు ఏల్ రకం బీరు ఈస్ట్‌ను 17, 18 డిగ్రీల దగ్గర వేసి, మొదటి మూడు రోజులు 20 దాటకుండా చూసుకుంటే సగం గొడవ తీరినట్టే. బకెట్‌ను నీళ్ల టబ్బులో నిలబెట్టి, తడి టీషర్టు చుట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పొద్దున సాయంత్రం మారుస్తుంటే చాలు.

ఇక పాత్రలో బీరు పైన వదలాల్సిన ఖాళీ జాగా సంగతి. మామూలు ఏల్ 20 లీటర్లకు 25 లీటర్ల పాత్ర కనీసం. గోధుమ బీరు ఈస్ట్, ముఖ్యంగా వైస్ట్ 3068 లాంటిది, లేదా 1.075 గ్రావిటీ దాటిన స్టౌట్ (చిక్కటి నల్ల బీరు) అయితే 30 లీటర్ల పాత్రే తీసుకోవాలి, అప్పుడూ గొట్టం ఉండాలి. లాగర్ రకం బీరు ఈస్ట్ పది పన్నెండు డిగ్రీల్లో నెమ్మదిగా పులుస్తుంది, అంత జాగ్రత్త అక్కర్లేదు. పెద్ద పాత్ర లేనివాళ్లు ఫెర్మ్‌క్యాప్ లాంటి నురగ చంపే మందు 20 లీటర్లకు ఎనిమిది నుంచి పది చుక్కలు వేస్తారు. పని చేస్తుంది, తర్వాత ఈస్ట్‌తో అడుగున దిగిపోతుంది. కానీ అది ఉందని గొట్టం మానేయడం నాకు సమ్మతం కాదు.

మూత ఉబ్బి, ఎయిర్‌లాక్ మూసుకుపోయి కనిపిస్తే మొహం దగ్గర పెట్టి లాగకూడదు. పాత్ర మీద తడి తువ్వాలు కప్పి, మొహం పక్కకు తిప్పి, మూత అంచును ఒక వైపు కొంచెం కొంచెంగా లేపితే గ్యాసు బుస్సుమని పోతుంది. ఆపైన శానిటైజర్ చల్లి తుడిచి, శుభ్రమైన గొట్టం తగిలించాలి. బీరు పాడయిపోయిందని పారబోయకండి. లోపలి నుంచి గ్యాసు బయటికి తోస్తూ ఉన్నంతసేపు క్రిములు చొరబడడం కష్టం. పోయేది ఓ అర లీటరో లీటరో, అంతే. ఈస్ట్ వేశాక నురగ కట్టడానికి 6 నుంచి 18 గంటలు, పొంగు పతాకస్థాయికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి, మర్నాడు ఊరెళ్లే పని ఉంటే ఈస్ట్ వేయొద్దు.

బేక్‌వెల్‌లో చివరగా చూడవలసింది పైనున్న తొట్టి. ఈస్ట్ గట్టిపడకముందే తీసి కడగడం అక్కడ ఎంత ముఖ్యమో, ఇంట్లోనూ అంతే. ఎండిన నురగ వలయం సిమెంటులా అంటుకుంటుంది. పీచుతో తోమితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, ఆ గీతల్లో క్రిములు కాపురం పెడతాయి. ముందు చల్లనీళ్లతో కడిగి, తర్వాత సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన గోరువెచ్చని నీళ్లు అంచుదాకా పోసి రాత్రంతా ఉంచితే, పొద్దున మెత్తటి గుడ్డతో తుడవగానే వలయం ఊడొచ్చేస్తుంది. గొట్టం మాత్రం అదే రోజు కడగాలి. ఒక్కసారి లోపల ఎండిపోతే ఆ గొట్టం పారేసి కొత్తది కొనుక్కోవలసిందే.