సీసం వైపు ఎత్తుగా ఉన్న గుట్ట

కాజీపేటలో మధ్యాహ్నం బండెక్కి, చీకటి పడేసరికి కుషాయిగూడలో అక్కావాళ్లింటికి చేరాను. నా దగ్గర ఇంటర్ చదివిన అమ్మాయి ఒకరు, ప్రోటాన్ వెళ్లి సీసం కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే కణాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మీటింగ్ కోసం సెంట్రల్ యూనివర్సిటీకి వచ్చిందని తెలిసింది. ఒక పూట కూర్చుని ఆమె చెప్పేది వినాలని బయల్దేరాను.

రాత్రి డాబా మీద ఈ సంగతి చెబితే బావగారు, "దానికి గచ్చిబౌలి దాకా పోవాలా? మన ఈసీఐఎల్ దగ్గరే బెలూన్లు ఎగరేసేవాళ్లు కదయ్యా" అన్నారు. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం అది, 1969 నాటిది. ఆయన అన్నది నిజమే. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల్లో నూటికి తొంభై వంతుల దాకా ప్రోటాన్లే. అవి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలకు తగిలి కొత్త కణాలను పుట్టిస్తూనే ఉంటాయి. నేల మీదికి వచ్చేసరికి అసలు ప్రోటాన్ మిగలదు. అందుకే పరికరాలను ముప్పై కిలోమీటర్లకు పైన మోసుకెళ్లే బెలూన్లు కావాలి. హైదరాబాద్‌కి ఇంకో మేలు ఉంది. భూమి అయస్కాంత మధ్యరేఖకు ఈ ఊరు దగ్గర. దాదాపు 17 జీఈవీ (కణాల శక్తిని కొలిచే యూనిట్) కన్నా తక్కువ శక్తి ఉన్న ప్రోటాన్లు ఇక్కడ నిట్టనిలువుగా దిగలేవు, అయస్కాంత క్షేత్రం వాటిని పక్కకు తిప్పేస్తుంది. బలమైనవే వడకట్టినట్టు వస్తాయి. ఇన్నేళ్లు పాఠం చెప్పి, ఈ మాట నా క్లాసులో ఒక్కసారి కూడా చెప్పనందుకు ఆ రాత్రి బాధేసింది.

పొద్దున్నే తార్నాకలో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో జనం ఒక్కసారిగా పడ్డారు. రాయదుర్గంలో దిగి, ఆటోలో యూనివర్సిటీకి. క్యాంపస్‌లో ఎక్కడ చూసినా బండరాళ్లే, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. ఒక రాతి నీడలో కూర్చున్నాం.

"సార్, అమీర్‌పేటలో ఆ గుంపులోంచి అడ్డంగా నడిస్తే ఎంతమందికి తగులుతారు?" అంది. అంచునుంచి పోతే ఇద్దరు, ముగ్గురు. నట్టనడిమి నుంచి పోతే పది, పదిహేను మంది. సీసం కేంద్రకంలో 208 న్యూక్లియాన్లు, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి, ఉంటాయి. ప్రోటాన్ సగటున వాటిలో ఏడింటికి తగులుతుందట. పుట్టే కణాల సంఖ్యను ఈ లెక్కతోనే పోల్చి చూస్తారు.

జెనీవా దగ్గర కణాలను ఎదురెదురుగా ఢీకొట్టించే పెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీలో 2013 మొదట్లో ఈ ప్రయోగం పెద్ద ఎత్తున జరిగింది. రెండు బీములనూ, అంటే ఎదురెదురుగా వచ్చే కణాల ధారలను, వంచేవి ఒకే అయస్కాంతాలు. కాబట్టి ప్రోటాన్ శక్తి 4 టీఈవీ (ఒక టీఈవీ అంటే వెయ్యి జీఈవీ) అయితే, సీసంలో ఒక్కో న్యూక్లియాన్‌కి దక్కేది 1.58 మాత్రమే, 208లో విద్యుదావేశం ఉన్నవి 82 ప్రోటాన్లే కదా. అందుకే ఆ రెండూ ఢీకొన్నప్పుడు వాటి ఉమ్మడి కదలిక ప్రోటాన్ వెళ్లే దిక్కుకి కొంచెం మొగ్గుతుంది. అయినా పుట్టే కణాలు మాత్రం సీసం వెళ్లే వైపే ఎక్కువ. ఏ వైపు ఎన్ని కణాలు పోయాయో చెప్పే గ్రాఫ్‌ని ఆమె ల్యాప్‌టాప్‌లో చూపించింది. ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క జారుగా ఉన్న గుట్టలా ఉంది. చాలాసేపు దాన్నే చూశాను.

అసలు కథ అంతకు పదేళ్ల ముందే మొదలైంది. 2003లో అమెరికాలోని ఇలాంటిదే ఇంకో యంత్రం ఆర్‌హెచ్‌ఐసీలో డ్యూటెరాన్‌ని (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ జంట) బంగారం కేంద్రకంతో ఢీకొట్టించింది ఒక సరిచూపు కోసం. బంగారం, బంగారం ఢీకొన్నప్పుడు మంచి వేగంతో బయటికి రావాల్సిన కణాలు తగ్గిపోయాయి. అది బంగారం కేంద్రకం స్వభావమా, లేక ఢీకొన్నాక పుట్టిన వేడి పదార్థం వాటిని అడ్డుకుందా? డ్యూటెరాన్‌తో ఆ తగ్గుదల కనిపించలేదు. అడ్డుకున్నది ఆ పదార్థమేనని తేలింది. అందుకే పెద్ద కేంద్రకాలు రెండూ ఢీకొంటేనే ఆ వేడి పదార్థం, అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి వాటి లోపలి క్వార్కులు, గ్లువాన్లు విడివడే క్వార్క్-గ్లువాన్ ప్లాస్మా పుడుతుంది, చిన్నది పోలిక కోసం అని నేనూ పిల్లలకు చెప్పేవాణ్ణి.

"అది సరిపోదు సార్" అంది నెమ్మదిగా. 2012 సెప్టెంబరులో ప్రోటాన్, సీసంతో కొన్ని గంటల ట్రయల్ నడిపారు. కణాలు బాగా ఎక్కువగా పుట్టిన ఢీలను ఏరి చూస్తే, బీము వెంబడి చాలా దూరంగా పడ్డ కణాలు కూడా ఒకే దిశకు ఒరిగి కనిపించాయి. అలా కలిసికట్టుగా కదలడం ద్రవాల లక్షణం. తర్వాత ఆర్‌హెచ్‌ఐసీలో బంగారం మీదికి ప్రోటాన్, డ్యూటెరాన్, హీలియం-3 పంపి చూశారు. ద్రవమే అయితే వరసగా గుండ్రటి, కోలటి, ముక్కోణపు బొట్టు వస్తుందని లెక్క. 2018 చివర్లో వచ్చిన ఫలితాల్లో కణాల ప్రవాహం ఆ ఆకారాలకు తగ్గట్టే ఉంది. మరి బొట్టు పుడితే వేగంగా పోయే కణాలను ఎందుకు ఆపట్లేదు? ద్రవంలా ప్రవహిస్తుంది, అడ్డు మాత్రం కనిపించదు. "నేను పనిచేసేది ఆ చిక్కు మీదే" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో ఉన్న వెలుగు చూసి నాకు గొంతు పూడుకుపోయింది. ఇంటర్లో ఈ అమ్మాయి చివరి బెంచీలో కూర్చునేది.

లేచేముందు ఇంకో సంగతి చెప్పింది. 2025 జులైలో ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్, ఆక్సిజన్ కూడా ఢీకొట్టించారట. కాస్మిక్ కిరణాల లెక్కలు సరిచూసుకోవడానికి అది పనికొస్తుంది. బావగారి బెలూన్ గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. నోట్‌బుక్ తీసి ఆ గ్రాఫ్ గీశాను. బండి కుదుపులకు గీత వణికింది. ఎదురు సీట్లో పిల్లవాడు తొంగి చూసి, "అంకుల్, ఇది ఏ గుట్ట?" అన్నాడు. పక్కకు జరిగి వాడికి చోటిచ్చి, పెన్ను చేతిలో పెట్టాను. "ఇటు వైపు సీసం పోతోంది అనుకో" అంటూ మొదలుపెట్టాను. భువనగిరి దాటాం. ఇంకా గంటకు పైగా టైముంది.