రాకెట్ వెనక చార: గేమ్ క్లిప్‌లకు మోషన్ బ్లర్, మూడో వారం

టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే షూటింగ్ గేమ్ డెమోలను (ఆడిన ఆటను గేమే దాచుకునే ఫైళ్లు) నేరుగా 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 60 ఫ్రేమ్‌లు) రికార్డ్ చేస్తే మౌస్ జోరుగా తిప్పిన చోటల్లా బొమ్మ గెంతుతున్నట్టు ఉండేది. గేమ్‌లో కెమెరా షట్టర్ ఉండదు కదా, ప్రతి ఫ్రేమూ ఒక్క క్షణం తాలూకు పదునైన బొమ్మే. షట్టర్ తెరిచున్నంత సేపూ కదిలేది చారలా సాగడమే మోషన్ బ్లర్. పెళ్లి వీడియోలు తీసే మా బాబాయి "25 ఫ్రేమ్‌లకి షట్టర్ 1/50 పెట్టరా, ఫ్రేమ్ కాలంలో సగం సేపు తెరిచుంటే చాలు" అంటుంటారు. ఆ లెక్కన 60కి 1/120 సెకను కావాలి.

మొదటి రెండు వారాల్లో కుదిరిన పద్ధతి ఇది. డెమో నడుస్తుండగా కన్సోల్‌లో (గేమ్‌కి ఆదేశాలు టైప్ చేసే చోట) హోస్ట్_ఫ్రేమ్‌రేట్ 960 పెట్టి (ఆటలో సెకనుకి 960 బొమ్మలు), బొమ్మలను డిస్క్‌లో దాచే స్టార్ట్‌మూవీ కొడతాను. అప్పుడు వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌కి 16 బొమ్మలు వస్తాయి. వాటిలో 8 కలిపి సగటు తీస్తే షట్టర్ 1/120 సెకను తెరిచినట్టే. ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో, వరస ఫ్రేమ్‌లను కలిపే టీమిక్స్ ఫిల్టర్‌కి 8 ఫ్రేమ్‌లు, అన్నిటికీ సమాన బరువు ఇచ్చి, తర్వాత ఎఫ్‌పీఎస్ 60కి దించుతాను. గేమ్‌లోని సొంత మోషన్ బ్లర్ తప్పకుండా ఆపేయాలి. పని కాగానే హోస్ట్_ఫ్రేమ్‌రేట్ మళ్లీ 0 చేయాలి.

డిస్క్ సంగతి ముందే చూసుకోండి. స్టార్ట్‌మూవీ దాచే 1080పీ టీజీఏ బొమ్మ ఫైల్ ఒక్కోటి 6.2 ఎంబీ. 5 సెకన్ల క్లిప్‌కి 4,800 బొమ్మలు, దాదాపు 30 జీబీ. నాకు ఒకసారి క్లిప్ సగంలోనే డిస్క్ నిండిపోయింది. అప్పటినుంచి ముక్కలుగా తీసి, వీడియో కాగానే బొమ్మలు చెరిపేస్తున్నాను.

ఈ వారం రెండు చిక్కులు తెగాయి.

మొదటిది స్నైపర్ (దూరం నుంచి గురిచూసి కాల్చే పాత్ర) క్లిప్. ఆ 1/120 సెకనులో గోడ అంచు 80 పిక్సెళ్లు జరిగితే, 8 బొమ్మలకు పదేసి పిక్సెళ్ల ఎడం వస్తుంది. మెత్తని చారకు బదులు దువ్వెన పళ్లలా ఎనిమిది అంచులు కనిపించాయి. ఆ ఒక్క క్లిప్‌ని 1920లో తీసి 16 బొమ్మలు కలిపాను. షట్టర్ కాలం మారలేదు, ఎడం ఐదుకి తగ్గింది, పళ్లు కలిసిపోయాయి. జాగా రెట్టింపైనా పరవాలేదు.

రెండోది, నాకు ఎక్కువ సంతోషమిచ్చింది, వెలుగు. పేలుడులో తెల్లటి నిప్పురవ్వ నల్లటి నేపథ్యం మీద ఎనిమిదిలో ఒక్క బొమ్మలోనే ఉంటే, మామూలు సగటులో 255 (పూర్తి తెలుపు) కాస్తా 32 అయిపోతుంది, అంటే బూడిద రంగు మరక. బొమ్మలను ముందు లీనియర్ లైట్‌లోకి (అంకెలు నిజమైన వెలుగుకు అనుపాతంలో ఉండే రూపం) మార్చి, 16 బిట్‌లో సగటు తీసి, తిరిగి మామూలు గామాకి (తెరకు పంపే రూపం) తెస్తే అదే రవ్వ సుమారు 99 దగ్గర నిలుస్తుంది. రాకెట్ పేలగానే రవ్వలు గీతలు గీసినట్టు వెలిగాయి. ఆ రెండు సెకన్లు ఎన్నిసార్లు చూశానో!

రాకెట్ సెకనుకి 1100 యూనిట్లు (గేమ్‌లో దూరానికి కొలత) వెళ్తుంది. 1/120లో చార తొమ్మిది యూనిట్లే, కంటికి బాగుంది. 1/60 పెట్టి చూస్తే రాకెట్ ఆకారమే పోయింది. స్నైపర్ తలకు గురిపెట్టే చోట మాత్రం 1/240 నయం, ఎవరిని కొట్టామో తెలుస్తుంది.

ఇక మిగిలింది తెర మీద కనిపించే ప్రాణం (హెల్త్) అంకెలు. దెబ్బ తగిలి మారేటప్పుడు 125 మీద 75 పడి రెండూ నీడల్లా కనిపిస్తున్నాయి. తెర మీది అంకెలను దాచే సీఎల్_డ్రాహడ్ 0 పెట్టి బొమ్మను విడిగా, అంకెలను బ్లర్ లేకుండా ఇంకోసారి తీసి మీద అతికించాలని ఇవాళే మొదలుపెట్టాను.