పార్సీ బామ్మగారు అడిగిన ప్రశ్న

మాది సికింద్రాబాద్. చిన్నప్పుడే సైన్యం మీద మనసు పడ్డ నాకు లెఫ్టినెంట్ కల్నల్ అర్దేశిర్ బుర్జోర్జీ తారాపూర్ ఆరాధ్యుడు. నిజాం కాలపు హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేసి, తర్వాత పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంట్‌కు వెళ్లిన అధికారి ఆయన. 1965 సెప్టెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో, సియాల్‌కోట్ రంగంలో గాయపడినా వెనక్కి వెళ్లడానికి ఒప్పుకోలేదు. 16వ తేదీన బుతుర్ డోగ్రాండీ వద్ద నేలకొరిగారు. యుద్ధంలో చూపిన ధైర్యానికి దేశం ఇచ్చే అత్యున్నత పురస్కారమైన పరమవీర చక్ర పొందిన పార్సీ ఆయనొక్కరే. తాను పోతే యుద్ధభూమిలోనే దహనం చేయమని ముందే చెప్పి ఉంచారు, అలాగే చేశారు. పార్సీలకు నిప్పు ఎంత పవిత్రమో, దానికి శవాన్ని తాకించరాదన్న ఆచారం ఎంత గట్టిదో తెలిసినవారికే ఆ కోరిక బరువు తెలుస్తుంది.

చెన్నై పరంగిమలైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ ముగించి, రెజిమెంట్‌లో చేరేముందు రాయపురంలో మా పిన్ని ఇంట్లో దిగాను. ఆ వీధులకు దగ్గర్లోనే 1910లో క్లబ్‌వాలా కుటుంబం కట్టించిన పార్సీల అగ్ని ఆలయం ఉంది. ఇతరులకు లోపలికి ప్రవేశం లేదు. "గుడి చూడలేకపోతేనేం, మనిషిని చూద్దువుగాని రా," అంటూ పిన్ని తనకు తెలిసిన ఒక పార్సీ బామ్మగారింటికి తీసుకెళ్లింది.

గడప ముందు ముగ్గు ఉంది, మనలా చేత్తో వేసింది కాదు. చిల్లులు పొడిచిన రేకు డబ్బాలో సుద్దపొడి నింపి నేలకు అద్దితే చేపల వరుస పడుతుంది. తొంభై దాటినా బామ్మగారే వంగి అద్దుతారట. "మా అక్క కొడుకండీ, మొన్ననే ఆఫీసరయ్యాడు," అంది పిన్ని. ఆమెకు తెలుగు బాగానే అర్థమవుతుంది. జవాబు మాత్రం సగం తమిళంలో, సగం ఇంగ్లిష్‌లో వస్తుంది.

నేను తారాపూర్ గురించి, మరో పార్సీ సైనికాధికారి ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా గురించి ఎత్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో బర్మాలో మానెక్‌షా కడుపులో తూటాలు దిగిన సంగతి చెబుతుంటే బామ్మగారు ఆపి, "ఆ ఏడాదే ఇక్కడ మా మేరీ పని మొదలుపెట్టింది," అన్నారు. మేరీ క్లబ్‌వాలా జాదవ్. మద్రాసులో భారతీయ సిపాయిలను పట్టించుకునే ఏర్పాటు లేదని చూసి, అన్ని మతాల ఆడవాళ్లనూ కూడగట్టి ఇండియన్ హాస్పిటాలిటీ కమిటీని నిలబెట్టిన మనిషి. ఊరూరా తిరిగే క్యాంటీన్లు, ఆసుపత్రుల్లో పరామర్శలు. బర్మాలో జపాన్‌తో పోరాడిన 14వ సైన్యం కృతజ్ఞతగా ఆమెకు జపాన్ కత్తిని బహూకరించింది. "మా సోషల్ వర్క్ స్కూలు పెట్టింది కూడా ఆవిడేరా, 1952లో," అని పిన్ని అందుకుంది. పిన్ని చదివింది అక్కడే, ఆ గర్వం గొంతులో వినిపించింది.

బామ్మగారి తల్లి ఆ క్యాంటీన్‌లో టీ పోసేవారట. చిన్నపిల్లగా ఈమె కప్పులు తుడిచేవారు. గాయపడ్డ సిపాయిలు చెబుతుంటే తల్లి వాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవారు. తెలుగువాళ్లుంటే పక్కింటి తెలుగావిడను వెంట పిలుచుకుపోయేవారు. ఇదంతా చెప్పి, నా వైపు తిరిగి అడిగారు: "నీ చేతికింద ఎందరుంటారు?"

"మూడు ట్యాంకులు, వాటి సిబ్బంది అండీ."

"వాళ్ల ఇళ్ల నుంచి ఏ కబురు వచ్చిందో నీకెలా తెలుస్తుంది?"

రోజూ సాయంత్రం వాళ్లతో ఆటలకు దిగుతానని, సెలవు చీటీ వస్తే కారణం నేనే కూర్చుని వింటానని చెప్పాను. బామ్మగారికి అది చాలలేదు. "చీటీ రాయడానికి మొహమాటపడేవాడి సంగతి?" అన్నారు. దానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు, ఆలోచిస్తానన్నాను. తారాపూర్ గురించి ఎంత చదివినా నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు. ధైర్యం గురించి వినాలని వెళ్లినవాడికి ఆమె అంతకంటే పెద్ద పనే అప్పజెప్పారనుకుంటాను.

రెజిమెంట్‌లో నా ట్యాంకు డ్రైవర్‌ది శ్రీకాకుళం జిల్లా. అలా మొహమాటపడేవాడే. వాళ్లమ్మకు కంట్లో శుక్లం ముదిరిందని ఇంజన్ శుభ్రం చేస్తుండగా మాటల్లో బయటపడింది. సెలవు నేనే అడిగి ఇప్పించాను. పిన్ని ఫోనులో ఆ సంగతి బామ్మగారికి చెప్పింది. మరుసటి వారం పిన్ని మళ్లీ చేసి, ఆపరేషన్ అయిందా, పక్కన ఎవరున్నారు, కొడుకు ఎన్నాళ్లు ఉంటాడు అని బామ్మగారి తరఫున వరసగా అడిగింది. కనుక్కుని చెప్పాను.