కుమ్మరుల ఊరికి వెళ్తే ముందు పెంకుల కుప్ప చూడండి

సారె, అంటే కుమ్మరి చక్రం దగ్గర గుంపు ఎప్పుడూ ఉంటుంది. మట్టిముద్ద కళ్ళముందే కుండై లేస్తుంటే ఎవరికైనా చూడబుద్ధేస్తుంది, తప్పేం లేదు. కాకపోతే కుండ బతుకులో సారె మీద గడిచేది కొద్ది నిమిషాలే. మట్టి నానడం, కుండ ఆరడం, కాలడం, చల్లారడం అన్నీ రోజుల లెక్క. ఆ రోజులన్నీ ఒక్కచోట కనపడాలంటే పనిశాల వెనక్కి వెళ్ళాలి, పగిలిన కుండల పెంకుల కుప్ప దగ్గరికి. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అంటారు గానీ, గుదియ (దుడ్డుకర్ర) జోలి లేకుండానే కుండ పగిలే దారులు బోలెడు. అవన్నీ ఆ కుప్పలోనే ఉంటాయి. అడిగి ఒక పెంకు చేతిలోకి తీసుకోండి. అంచులు కోసుకుంటాయి, జాగ్రత్త.

ముందు విరిగిన అంచు చూడండి. బయటా లోపలా ఎర్రగా ఉండి నడుమ నల్లటి చార కనిపిస్తే ఆ కుండకు మంట తొందరగా ఎక్కిందని అర్థం. మట్టిలో కలిసిన ఆకులూ వేళ్ళూ మొదట బొగ్గవుతాయి. ఆ బొగ్గు గాలి తగిలి పూర్తిగా కాలిపోవాలంటే 700 నుంచి 900 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య మంట కాసేపు నిలకడగా ఉండాలి. ఆ వ్యవధి దొరక్కపోతే నలుపు అక్కడే ఉండిపోతుంది. సన్నటి చార అయితే పట్టించుకోనక్కర్లేదు. గోడలో సగం నల్లగా ఉంటే మాత్రం ఆ వాయిలో కాలిన సరుకు నేనైతే కొనను.

ఇంకో పెంకు మీద చిన్న గిన్నెలాంటి గుంట, దాని అడుగున ఆవగింజంత తెల్లటి చుక్క ఉంటాయి. అది సున్నపురాయి. సుమారు 800 డిగ్రీలు దాటాక ఆ రాయి కాలి సున్నమవుతుంది. ఆవంలోంచి (కుండలు పేర్చి కాల్చే చోటు) తీసినప్పుడు కుండ నిక్షేపంగానే ఉంటుంది. తర్వాత గాలిలో తేమ పీల్చుకుని సున్నం ఉబ్బి, పైనున్న పొరను పెళ్ళగిస్తుంది. ఇది రోజులకో, వారాలకో గానీ బయటపడదు. కొన్నవాళ్ళు కాల్చడంలో లోపం అనుకుంటారు గానీ, తప్పు జరిగింది మట్టిని జల్లించిన చోట. సున్నపురాయి ఉన్న మట్టే దిక్కయిన చోట దాన్ని మెత్తగా నూరి సన్నటి జల్లెడ పట్టడం ఒక ఉపాయం. ఆవంలోంచి తీసిన వెంటనే కుండల్ని నీళ్ళలో ముంచి నానబెట్టడం ఇంకోటి.

అందుకే రెండో మజిలీ మట్టి గుంట. తవ్వుకొచ్చిన మట్టిని ముందు బాగా ఎండబెట్టి, చితక్కొట్టి, ఆ తర్వాతే నీళ్ళు పోస్తారు. తడిగడ్డను నీళ్ళలో వేస్తే లోపలిదాకా నానదు, ఉండలు ఉండలుగానే ఉంటుంది. ఎండుగడ్డ అయితే నీళ్ళు పీల్చి తనంతట తనే విచ్చిపోతుంది. నానిన మట్టిలో ఇసుకో, ఊకో, బూడిదో కలుపుతారు. పాత పెంకుల పొడి కలిపేవాళ్ళూ ఉన్నారు, అంటే మీరు చూసిన కుప్పలో కొంత మళ్ళీ మట్టిలోకే పోతుందన్నమాట. ఇవి మట్టిని గుల్లబరచి, ఆవిరి బయటికి పోయే దారి ఇస్తాయి. మట్టి ఒట్టి బంకగా ఉంటే ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుపోయి చీలుతుంది. ఇసుక మోతాదు మించితే సారె మీద నిలవదు. వేలి లావున పాము చేసి వేలికే చుట్టి చూడండి: నెర్రెలు పడకుండా వంగితే మట్టికి జిగి ఉన్నట్టు. ఈ పరీక్షకు ఎవరూ కాదనరు, గుప్పెడు మట్టి ఇస్తారు.

తర్వాత తొక్కడం, పిసకడం. ముద్దను తీగతో నిలువునా కోసి చూపించమనండి. కోసిన ముఖం జున్నుముక్కలా నున్నగా ఉండాలి. బుడగల గుంటలు కనపడితే ఇంకా పిసకాలి.

ఇప్పుడు సారె. ఇక్కడ చేతుల కంటే అడుగు భాగం మీద కన్నేయండి. ముద్దను నడిమికి తెచ్చి బొటనవేళ్ళతో గుంట చేశాక, పనివాడు అడుగును బయటినుంచి లోపలికి రెండు మూడుసార్లు నొక్కుతాడు. చూసేవాళ్ళకు ఊరికే రాసినట్టు ఉంటుంది. ఆ నొక్కుడు వదిలేస్తే, లేదా అడుగున నీళ్ళు మడుగు కట్టి ఉండిపోతే, ఆరేటప్పుడు పాము మెలికలాంటి పగులు వస్తుంది. పెంకుల కుప్పలో చదునడుగు ముక్కలు తిరగేస్తే ఈ మెలిక ఒక్కటైనా దొరుకుతుంది. గుండ్రటి అడుగు కుండలది వేరే దారి. సారె మీద మూతీ భుజమూ తీర్చి, కింది భాగం మందంగా వదిలేస్తారు. సగం ఆరాక లోపల ఒక నున్నటి రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టుకుంటూ అడుగు మూస్తారు. ఆ దెబ్బలకు మట్టి నొక్కుకుని గట్టిపడుతుంది, గోడ పలచనవుతుంది. మూలలు లేని అడుగు కాబట్టి పొయ్యి మీద వేడి తగిలినా ఒత్తిడి ఒకచోట చేరదు. చెక్క చప్పుడు వినిపిస్తే సారె వదిలేసైనా అటు వెళ్ళండి. నా లెక్కలో అసలు నైపుణ్యం అక్కడే.

పిడి, కొమ్ము (నీళ్ళు వంపే గొట్టం) అతికించేటప్పుడు రెండు ముక్కల తడీ ఒక్కలాగే ఉండాలి. ఒకటి పచ్చిగా, ఒకటి ఎండుగా ఉంటే పచ్చిది ఎక్కువ కుంచించుకుని అతుకు దగ్గర ఊడొస్తుంది. గీతలు గీసి, చిక్కటి మట్టినీళ్ళు పూసి నొక్కేది అందుకే.

ఆరబెట్టే అరల దగ్గర చేతులు వెనక్కి కట్టుకోండి. పూర్తిగా ఆరిన పచ్చికుండ కాల్చిన కుండ కంటే చాలా పెళుసు. మూతి పట్టుకుని ఎత్తితే మూతి చేతికొస్తుంది. ఎండలో ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్ళు చాలామంది. మూతి ముందు ఆరి అడుగు తడిగా ఉంటే రెండూ వేర్వేరుగా కుంచించుకుని చీలతాయి, అందుకే నీడ, పైన తడిగుడ్డ, మధ్యలో ఒకసారి బోర్లించడం. ఆరిందో లేదో తెలియాలంటే పనివాళ్ళు కుండను చెంపకు ఆనిస్తారు. చల్లగా తగిలితే తడి ఇంకా ఉంది. ఆ తడితో ఆవంలోకి వెళ్తే 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరై, బయటపడే దారి లేక కుండను పేల్చేస్తుంది, పక్క కుండల్నీ కొడుతుంది. అందుకే మొదట గంటల తరబడి సన్నటి సెగే.

ఆ తర్వాత కూడా గండాలున్నాయి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని స్ఫటికం (క్వార్ట్జ్ అనే ఖనిజం) ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే చోట మళ్ళీ కుంచించుకుంటుంది. బట్టీ తలుపు తొందరపడి తెరిస్తే చల్లగాలి తగిలి నిలువునా పగుళ్ళు వచ్చేది ఇలాగే. గ్లేజు (గాజులా మెరిసే పైపూత) వేసిన పాత్ర అయితే పగులు ఎప్పటిదో కూడా చెప్పొచ్చు: పగులు అంచున గ్లేజు కరిగి గుండ్రంగా ఉంటే వేడి ఎక్కేటప్పటిది, కత్తిలా పదునుగా ఉంటే చల్లారేటప్పటిది. ఆరుబయట పిడకలూ కట్టెలూ పేర్చి కాల్చే ఆవం 700 నుంచి 900 డిగ్రీల దాకా వెళ్తుంది. రాతిమట్టి (స్టోన్‌వేర్) పాత్రలకు 1200 నుంచి 1300 కావాలి, అది మూసిన బట్టీలోనే సాధ్యం. వేడిని రంగుతో పోల్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు: ముదురు ఎరుపు 700 దగ్గర, నారింజ 950 దగ్గర. ఎర్ర కుండ, నల్ల కుండ రెండూ ఒకే మట్టివి కావచ్చు. చివర్లో ఊకో పేడో కప్పి గాలి ఆడకుండా మూసేస్తే పొగలోని బొగ్గు పట్టి నల్లబడుతుంది.

ఏ రోజు వెళ్ళాలన్నది ముందే అడగండి, ఫోన్లో ఒక్క ప్రశ్న చాలు: "ఆవం ఎప్పుడు తీస్తున్నారు?" తీసే రోజు వెళ్తే కొత్త సరుకూ కొత్త పెంకులూ రెండూ చూస్తారు. కాల్చే రోజు దూరం నుంచి చూడ్డమే తప్ప మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. సారె పని చూడాలంటే పొద్దున్నే. పనిశాలలో నేల మీద పొడి చిమ్మకండి, చీపురు పట్టి సాయం చేయబోకండి. ఎండిన మట్టి ధూళిలో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తడిగుడ్డతో తుడవడమే పద్ధతి.

కొలత చెప్పి చేయించుకునేవాళ్ళకు ఒక లెక్క. మట్టి ఆరి కాలేసరికి నిడివిలో 10 శాతం తగ్గితే, పట్టే పరిమాణంలో 27 శాతం తగ్గుతుంది. సారె మీద లీటరు పట్టేలా కనిపించిన కూజా చేతికొచ్చేసరికి 730 మిల్లీలీటర్లే పడుతుంది. కాబట్టి పచ్చికుండ చూపించి "ఇంత చాలు" అనకండి, కాల్చిన తర్వాతి కొలత చెప్పండి.

కొనేటప్పుడు అరచేతిలో నిలబెట్టి వేలి మడతతో తట్టండి. ఖంగుమంటే బాగా కాలింది, పగులు లేదు. ఓటిమోత వస్తే కంటికి ఆనని నెర్రె ఉండొచ్చు, లేదా సరిగ్గా కాలకపోయి ఉండొచ్చు. గ్లేజు పాత్రలో తినే ఉద్దేశం ఉంటే అందులో సీసం ఉందా అని సూటిగా అడగండి. పుల్లటి పదార్థాలు సీసాన్ని లాగేస్తాయి. జవాబు తడబడితే ఆ పాత్రను అలంకారానికే ఉంచండి. గ్లేజు లేని కుండ చెమర్చడం లోపం కాదు, నీరు చల్లబడేది ఆ చెమటతోనే. పూలకూజా అయితే మాత్రం ఒక రాత్రి నీళ్ళు పోసి కాగితం మీద పెట్టి చూశాకే చెక్కబల్ల ఎక్కించండి.

మూటకట్టేటప్పుడు ఒకదానిలో ఒకటి దూర్చకండి. ముందు పిడికీ కొమ్ముకీ విడిగా చుట్టి, లోపలి ఖాళీ నింపి, పెట్టె గోడకూ కుండకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి. పళ్ళేలు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టండి. గ్లేజు లేని లేతరంగు కుండకు వార్తాపత్రిక నేరుగా చుట్టొద్దు, ఆ సిరా మట్టికి అంటితే కడిగినా పూర్తిగా పోదు.