కామెర్లు తగ్గించేది పసరా, రోజులా?

మా కడప సైడు ఎవురికైనా కళ్లు పచ్చగా కనిపిస్తే ఫస్టు వచ్చే మాట డాక్టరు కాదు, ఫలానా ఊర్లో పసరు పోస్తారంట పో అని. పొద్దున్నే పరగడుపున పోవాల, మూడు వారాలు పోవాల, ఉప్పు నూనె ముట్టకూడదు, చప్పిడి కూడు తినాల. ఎక్కువమంది నేలుసిరి చెట్టును వేర్లతో సహా పీకి మెత్తగా నూరి మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి ఇస్తారు. కొంతమంది ఏం కలుపుతారో చెప్పనే చెప్పరు, చెప్తే మందు పని చెయ్యదంట (ఇదొకటి మళ్లీ).

తగ్గుతాదా అంటే తగ్గుతాది, నాకు తెలిసినోళ్లలో చానామందికి తగ్గింది. అసలు కత ఆడే ఉంది. మన పక్క ఎక్కువగా చూసే కామెర్లు నీళ్లతో వచ్చేవి, హెపటైటిస్ 'ఏ' గానీ 'ఈ' గానీ (లివరుకు పట్టే వైరస్ జబ్బులు), తాగేనీళ్లలో మురుగు కలిస్తే వచ్చేస్తాయి, వాటికి మామూలుగా పెద్దాసుపత్రిలో కూడా ప్రత్యేకంగా ఒక మాత్ర అంటూ ఇచ్చేది ఏం ఉండదు, రెస్టు తీసుకోని తేలిక తిండి తింటే చానావరకు కొన్ని వారాల్లో లివరే సర్దుకుంటాది. మరి మూడు వారాలు పసరు తాగి పథ్యం ఉంటే ఆలోపల ఎట్లాగూ తగ్గేదే కదా, పేరు మాత్రం పసరుకు పోతాది.

అన్ని కామెర్లూ అట్లా కావు, భయం ఆడ. పిత్తం వచ్చే దారిలో రాయి అడ్డం పడినా కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద, దొడ్డికి పోతే సున్నం రంగులో వస్తాది, దానికి ఏ ఆకు నూరినా రాయి కదలదు. హెపటైటిస్ బి అయితే కొందరికి లోపల్లోపల ఏండ్ల తరబడి లివరును తినేస్తాది. నెలలు నిండిన ఆడమనిషికి హెపటైటిస్ 'ఈ' వస్తే ప్రాణం మీదికి వస్తాది, ఆమెను పసరుకని బండి ఎక్కించుకోని తిప్పుతా కూర్చుంటే ఎట్ల? ముందు రక్తం పరీక్ష చేపించి ఏ రకమో తెలుసుకోండి, ఆ తర్వాత ఏం తాగాలన్నా డాక్టరుకు చెప్పి తాగండి.

నేలుసిరిని నేను తీసిపారెయ్యట్లా. 1988లో మద్రాసు డాక్టర్లు లాన్సెట్ పత్రికలో రాసినారు, హెపటైటిస్ బి ఉన్నోళ్లకు నేలుసిరి పొడి ఇస్తే సగం మందికి పైగా రక్తంలో ఆ వైరస్ గుర్తు కనపడకుండా పోయిందని, అప్పట్లో అది పెద్ద వార్తే. తర్వాత వేరే చోట్ల చేసి చూస్తే అట్లాంటి ఫలితం రాలా. పసరు పోసేవాళ్లు మొదటి ముక్క చెప్తారు, రెండోది చెప్పరు.

ఇంక ఆ చేతులు కడిగించే ఆట ఉంది చూడండి, అది మాత్రం పచ్చి మోసం. చేతులకు ఏదో రాసి గిన్నెలో తెల్లగా ఉండే నీళ్లతో కడిగితే నీళ్లు పచ్చగా మారతాయి, కామెర్లు దిగిపోతాండాయి చూడప్పా అంటారు. ఆ నీళ్లు సున్నపు తేట, చేతికి రాసేది మామిడి చెక్క రసం, రెండూ కలిస్తే ఎవరి చేతులైనా పచ్చగానే వస్తాది, రోగం లేనోళ్లను కూర్చోబెట్టి చూసుకోండి. మణికట్టు మీద వాతలు పెట్టేది కూడా ఉంది, దాని గురించి మాట్లాడాలన్నా నాకు కోపమే.

మా జేజి కాలం నుంచి ఇంట్లో వాడేవి వేరే. కడుపు ఉబ్బరిస్తే వాము, ఉప్పు నమిలి వేన్నీళ్లు తాగేది, దగ్గుకు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకునేది, బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసేది, ఇవన్నీ హాయినిచ్చేవి, నేనూ చేస్తా. ఒక్క వస కొమ్ము మాత్రం మా ఇంట్లో ఆపించినా. పిల్లోనికి మాటలు బాగా రావాలని అరగదీసి నాలుక మీద రాస్తారు, అందులో ఉండే అసరోన్ అనేది మంచిది కాదని అమెరికా వాళ్లు 1968లోనే తిండిలో వసను నిషేధించినారు. ఊరికే వాగేవాన్ని వసపిట్ట అంటాం గానీ వస తాగని మా పిల్లోడు దానికేం తీసిపోడు. తిప్పతీగ కూడా అంతే, కరోనా టైంలో రోగనిరోధక శక్తి అని రోజూ కషాయం కాచుకోని తాగిన కొందరికి లివర్ దెబ్బతినిందని 2021లో ముంబై డాక్టర్లు రాసినారు. చెట్టు మందు కదా ఏం చేస్తాదిలే అనేది నేను ఒప్పుకోను, పని చేసేదయితే చెడు కూడా చేస్తాది.

ఎండాకాలంలో మాత్రం నన్నారి షర్బత్ లేకుండా మాకు గడవదు. నల్లమల, శేషాచలం కొండల్లో తవ్వి తెచ్చే లావు కొమ్ములు కడిగి దంచి నానబెట్టి, ఆ నీళ్లకు చక్కెర పాకం పట్టి, నిమ్మకాయ పిండి సోడా కొడితే కడప ఎండ కూడా కాసేపు మర్చిపోతాం. ఒళ్లు చలవ చేస్తాదంటారు, నాకైతే ఆ చలవ సగం నీళ్లది, సగం ఆ వాసనది. గడ్డ మొత్తం తవ్వేస్తా పోతే చెట్టు మిగలదు, ఇప్పటికే అంతరించే జాతుల లిస్టులో ఉంది, అందుకే బజార్లో చానా సీసాల్లో రంగూ ఎసెన్సే. మా నాయనకు షుగరు, ఆయనకు పాకం పట్టకుండా నానబెట్టిన నీళ్లే ఇస్తాం, ఇది షర్బత్ కాదు కషాయం అని తిడతానే గ్లాసు ఖాళీ చేస్తాడు.