సూది గుచ్చారా, గుచ్చినట్టు నటించారా?

మా చెల్లి ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ చికిత్స) కోసం కావలి నుంచి నెల్లూరు తిరగబట్టి ఏడాది దాటింది. పోయిన సోమవారం తిరుగు రైల్లో, ఇంజెక్షన్ల ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఫోన్ నా చేతికిచ్చింది. "చూడక్కా, ఆక్యుపంక్చర్, అదే ఒంటికి సన్నటి సూదులు గుచ్చే వైద్యం, చేయించుకుంటే ఛాన్సు బాగా పెరుగుతుందంట. జర్మనీలో తేల్చారంట." కింద ఆరు సిట్టింగుల ప్యాకేజీ, రేటు.

డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని, ఊరుకోబుద్ధి కాలేదు. ఆ రాత్రే కూర్చుని చదివాను.

జర్మనీ మాట అబద్ధం కాదు. 2002 నాటి ఆ పరిశోధనలో 160 మంది. పిండాన్ని గర్భంలో పెట్టే ముందూ తర్వాతా సూదులు గుచ్చిన 80 మందిలో 34 మందికి గర్భం వచ్చింది, గుచ్చని 80 మందిలో 21 మందికి. చిన్న తేడా కాదు. కానీ రెండో గుంపుకు సూదుల ఊసే లేదు. తనకు గుచ్చారో లేదో ఎవరికి వాళ్లకు తెలుసు. తేడా తెచ్చింది సూదో, సూది మీద నమ్మకమో చెప్పలేం.

అందుకే తర్వాత ఉత్తుత్తి సూది వాడారు. దానికి మొన ఉండదు. ఒత్తితే నాటకాల్లో కత్తిలా పిడిలోకి జారిపోతుంది. చెల్లికి ఎలా చెప్పాలో తెలియక, బాల్ పెన్ రీఫిల్ లోపలికి నొక్కేసి, కళ్లు మూసుకోమని ముంజేతి మీద ఆనించాను. "గుచ్చేశావా?" అని ఉలిక్కిపడింది.

2009లో హాంకాంగ్ వాళ్లు 370 మందిని అలా పరీక్షిస్తే అసలు సూదికి 43.8 శాతం మందికి, ఉత్తుత్తి సూదికి 55.1 శాతం మందికి టెస్టు పాజిటివ్ వచ్చింది! ఆ లెక్కన ఉత్తుత్తి సూదుల ప్యాకేజీ అమ్ముకోవాలి.

అయినా పాజిటివ్ రావడం వేరు, ఉయ్యాల్లో బిడ్డ పడటం వేరు. అది మా చెల్లికి నేను చెప్పనక్కర్లేదు. పోయినసారి ఏడో వారంలోనే పోయింది.

బిడ్డ పుట్టిందా లేదా అన్నదే లెక్కపెట్టిన పెద్ద పరిశోధన 2018లో వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది. అసలు సూదులకు 18.3 శాతం, ఉత్తుత్తి వాటికి 17.8.

"మరి సూదులు గుచ్చించుకుని కాసేపు పడుకుంటే టెన్షన్ తగ్గుతుందేమో కదక్కా?"

"అందుకైతే మీ డాక్టరమ్మకు చెప్పి వెళ్లు. ఛాన్సు పెరుగుతుందని మాత్రం కట్టొద్దు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా పెన్ను లాక్కుని, తన ముంజేతి మీద తనే ఆనించుకుంది. "ఇదైతే ఫ్రీ" అంది.