ఆరని ఏబీఎస్ దీపం: నెల్లూరు–మైపాడు దారిలో నా స్కూటర్ మరమ్మతు నమోదులు

మీటరులో 18,412 కి.మీ.

నవంబరు వానలు రెండు రోజులు తెరిపి ఇచ్చిన ఉదయం, మైపాడు గేటు దాటి ఇందుకూరుపేట వైపు వెళ్తుండగా, స్కూటర్ మీటరులో పసుపు రంగు ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) దీపం వెలిగి మళ్ళీ ఆరలేదు. తాళం తిప్పగానే ఆ దీపం వెలగడం మామూలే. వ్యవస్థ తనను తాను పరీక్షించుకున్న తరువాత, బండి గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగం అందుకోగానే అది ఆరిపోవాలి. నడుస్తున్న బండిలో వెలిగి అలాగే నిలిచిపోయిందంటే ఎక్కడో తేడా కనిపించి ఏబీఎస్ పని మానుకున్నదని అర్థం. లీవరు నొక్కితే బ్రేకు పడుతూనే ఉంటుంది, కానీ గట్టిగా నొక్కినప్పుడు ముందు చక్రం బిగుసుకుపోయి జారకుండా కాచే ఏర్పాటు మాత్రం ఉండదు.

బండిని పక్కకు ఆపి ముందుగా చూసుకున్నవి ఇవి: లీవరు గట్టిగా ఉందా, బ్రేక్ ఆయిల్ కిటికీలో మట్టం గీతకు పైన ఉందా, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దగ్గర గానీ గొట్టం కీళ్ళ దగ్గర గానీ తడి ఉందా, ప్యాడ్లలో మందం మిగిలి ఉందా. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, ముఖ్యంగా లీవరు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తున్నా, బండిని నడపకుండా ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకురావాల్సిందే. అన్నీ సవ్యంగానే ఉన్నందువల్ల మైపాడు ప్రయాణం మానుకొని నెమ్మదిగా ఇంటికి తిరిగి వచ్చాను.

మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకంటే చిన్నవాటికి రెండు చక్రాల బ్రేకులనూ కలిపి పనిచేయించే సీబీఎస్ ఉంటే సరిపోతుందని ఆ నిబంధనలో పెట్టారు. నాది 125 సీసీ దాటిన స్కూటర్; ఏబీఎస్ ముందు చక్రానికి మాత్రమే ఉంది కాబట్టి వెతకవలసిన చోటు కూడా ముందు వైపే.

18,430 కి.మీ.

కారణం తెలిసేలోగా ఆఫీసుకు వెళ్ళక తప్పదు కాబట్టి, ఏబీఎస్ లేని బ్రేకుకు చేతిని మళ్ళీ అలవాటు చేసుకోవాలనుకున్నాను. మా వీధి వెనుక ఇంకా ఇళ్ళు పడని లేఅవుట్‌లో పొడి సిమెంటు రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర బ్రేకు పట్టి, ఆగిన చోటును టేపుతో కొలిచాను. మొదటి మూడుసార్లు 17 మీటర్ల పైనే వచ్చింది. లీవరును ముందు కొద్దిగా పట్టి, బండి బరువు ముందు చక్రం మీదికి వచ్చాక క్రమంగా బిగించడం చేతికి పట్టుబడిన తరువాత 14 మీటర్ల దగ్గర నిలకడగా ఆగింది. చక్రం జారుతున్నట్టు అనిపించిన క్షణమే లీవరు వదిలి మళ్ళీ పట్టాలి. 40 వేగంలో బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుందన్నది కూడా ఈ కొలతతో కలిపి చూసుకోవాలి. మనకు విషయం తెలిసి చేయి లీవరు మీద పడేలోపే ఆ దూరం గడిచిపోతుంది.

అందుకే ఈ రోజుల్లో పొడి రోడ్డు మీద 40, తడి రోడ్డు మీద 25 దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ఇది నాట్ల కాలం. దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టర్లు వదిలిన బురద ముద్దలు ఇందుకూరుపేట దారిలో మలుపు మలుపుకూ ఉంటాయి, వాటి మీద ముందు బ్రేకు పట్టడమంటే పడిపోవడమే.

18,467 కి.మీ.

బ్యాటరీ, ఫ్యూజు చూశాను. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14.1 ఉంది. ఏబీఎస్ ఫ్యూజు బాగానే ఉంది.

18,490 కి.మీ.

సెన్సరు విప్పాను. డిస్కుతో పాటు తిరిగే గాళ్ళ చక్రం (చుట్టూ గాడులున్న రింగు) ఒకటి, దాని ఎదురుగా చిన్న సెన్సరు ఒకటి ఉంటాయి. గాళ్ళు ఎదురుగా వచ్చి పోతున్న కొద్దీ సెన్సరు పంపే సంకేతాల జోరును బట్టి చక్రం వేగం వ్యవస్థకు తెలుస్తుంది. ఒక్క బోల్టు తీస్తే సెన్సరు చేతిలోకి వచ్చింది. లోపల అయస్కాంతం ఉన్నందువల్ల కొన మీద నల్లటి ఇనుప పొడి మీసాల్లా లేచి నిలబడి ఉంది, గాళ్ళ సందుల్లో ఎండిన బురద ఉంది. సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్‌తో రెండింటినీ శుభ్రం చేసి, సందు కొలవడానికి ఇత్తడి ఫీలర్ గేజ్ వాడాను. ఇనుపదైతే అయస్కాంతానికి అతుక్కొని కొలత తప్పుతుంది. సందు దాదాపు ఒక మిల్లీమీటరు, అంటే నా బండికి చెప్పిన హద్దుల్లోనే ఉంది. డిస్కుకు, ప్యాడ్లకు నూనె గానీ కిరసనాయిలు గానీ తగలకుండా పని అయ్యేదాకా పాత గుడ్డ కప్పి ఉంచాను.

దీపం ఆరింది. పని అయిపోయిందనే నమ్మాను.

18,561 కి.మీ.

మైపాడు దగ్గర బకింగ్‌హాం కాలువ వంతెన మీదికి ఎక్కేటప్పుడు ఒక గుంతలో పడగానే దీపం మళ్ళీ వెలిగింది. ఈసారి కళ్ళు మీటరు మీదే ఉన్నాయి కాబట్టి ఒక సంగతి దొరికింది: దీపం వెలిగే ముందు వేగం అంకె రెప్పపాటు సున్నాకు పడి తిరిగి వచ్చింది. నా బండిలో వేగం చూపించేదీ ఆ సెన్సరే గనుక, కుదుపుకు సంకేతం తెగుతున్నదని తేలింది. మురికి వల్ల వచ్చే తప్పు కుదుపు కోసం కాచుకొని ఉండదు. ఇది వైరుకు సంబంధించినదే.

18,575 కి.మీ.

ఒక సర్వీసు కేంద్రంలో స్కానర్ పెట్టి, ముందు సెన్సరు సంకేతం అందడం లేదన్న కోడ్ చూపించారు. కానీ వైరు వైపు చూడకుండానే సెన్సరు మార్చాలన్నారు. నేను ఒప్పుకోలేదు. కోడ్ చెప్పేది సంకేతం రావడం లేదని మాత్రమే. అది సెన్సరులో ఆగిందో, దారిలో ఆగిందో మనమే వెతుక్కోవాలి. తిరుగుదారిలో నాకు చాలాకాలంగా తెలిసిన మెకానిక్‌ను అడిగితే, “ఎందుకు సార్ అంత ఇదైపోతారు, బ్రేకులు పడతానే ఉండాయి గదా, ఆ లైటు పీకేస్తే సరిపోద్ది” అన్నాడు. ఆయన చేతి పని మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ మాటను మాత్రం అంగీకరించలేను. దీపం పీకేసిన బండిని రేపు మా తమ్ముడు వానలో నడిపితే, ఏబీఎస్ ఉందనుకొనే లీవరు బలంగా నొక్కుతాడు.

18,583 కి.మీ.

ఇటుకల మీద చెక్క పెట్టి ముందు చక్రాన్ని పైకెత్తి, తాళం తిప్పి ఉంచి, మా తమ్ముణ్ణి చక్రం చేత్తో తిప్పమన్నాను. మీటరులో 6, 7 అని అంకెలు పడుతుండగా సెన్సరు వైరును కాలిపర్ దగ్గర నుంచి పైకి జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ వెళ్ళాను. ఫోర్కు దగ్గర ఏమీ కాలేదు. హ్యాండిల్ కింద ముందు ప్యానెల్ లోపలికి పోయే చోట వైరును తాకగానే అంకె సున్నాకు పడింది.

తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ప్యానెల్ తెరిచాను. సెన్సరు వైరును కలిపే కనెక్టరును పట్టి ఉంచవలసిన క్లిప్పు లేదు. అది గాలిలో వేలాడుతూ హ్యాండిల్ తిరిగినప్పుడల్లా లాగబడుతోంది. విడదీస్తే రబ్బరు సీలు ఒక పక్క మడతపడి ఉంది, లోపల రెండు పిన్నుల్లో ఒకటి తెల్లగా మెరుస్తుంటే రెండోదానికి మొదలు నుంచి కొన దాకా పచ్చటి చిలుము పట్టి ఉంది. గోటితో తాకితే పొడిపొడిగా రాలింది. సముద్రపు ఒడ్డునున్న మైపాడు గాలిలోని ఉప్పు, రొయ్యల లోడు వాహనాల నుంచి కారే నీళ్ళ తుంపర కొంత కారణమైతే, నేను ప్రతి పదిహేను రోజులకూ చేయించిన వాటర్ సర్వీసు ఇంకొంత కారణం. మడతపడిన సీలు మీద జెట్టు కొడితే నీళ్ళు లోపలికి పోకుండా ఎలా ఉంటాయి?

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నైలాన్ బ్రష్‌తోనూ వెదురు పుల్లతోనూ చిలుము పూర్తిగా తీశాను. ఉప్పుకాగితం వాడలేదు, వాడితే పిన్ను మీది పూత పోయి మళ్ళీ త్వరగా చిలుము పడుతుంది. ఆడ పిన్నులోకి (ఎదుటి పిన్ను దూరే గుల్ల పిన్నులోకి) మల్టీమీటరు సూదిని గుచ్చకూడదు, అది వెడల్పయి పట్టు వదులవుతుంది. పూర్తిగా ఆరిన తరువాత సీలును సరిచేసి, దానికి పలుచగా సిలికాన్ గ్రీజు రాసి, హ్యాండిల్‌ను రెండు పక్కలా చివరికంటా తిప్పినా వైరు బిగుసుకోకుండా వదులు ఉంచి ప్లాస్టిక్ ట్యాగుతో కట్టాను. ఒక్క కనెక్టరుకు మధ్యాహ్నమంతా పట్టింది.

18,590 కి.మీ.

దీపం 10 వేగం దగ్గర ఆరింది. లేఅవుట్ రోడ్డు మీద నీళ్ళు చల్లి, ఇసుక వెదజల్లి, తిన్నగా 25 వేగంలో వస్తూ ముందు బ్రేకు గట్టిగా పట్టాను. ఏబీఎస్ పనిచేస్తున్నదనడానికి గుర్తుగా లీవరు వేళ్ళ కింద టకటకా కొట్టుకుంది, బండి ఒరగకుండా తిన్నగా ఆగింది. నెల రోజుల తరువాత ఆ చప్పుడు వినడం ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

18,912 కి.మీ.

దీపం మళ్ళీ రాలేదు. బ్రేక్ ఆయిల్ పోసి రెండేళ్ళు దాటిందని ఈ సందర్భంలోనే గుర్తొచ్చి దాన్నీ మార్చాను. గాలిలోని తేమను పీల్చుకోవడం ఈ ఆయిల్ స్వభావం. డాట్ 4 అనే ప్రమాణపు బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టిన స్థితికి ప్రమాణం 155 డిగ్రీలే. రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది కాబట్టి పక్కనే బకెట్టు నీళ్ళు పెట్టుకున్నాను.

19,040 కి.మీ.

మూడుసార్లు మైపాడు వెళ్ళి వచ్చిన తరువాత ప్యానెల్ విప్పి కనెక్టరును మళ్ళీ చూశాను. రెండు పిన్నులూ తెల్లగానే ఉన్నాయి, సీలు కింద తడి లేదు. వాటర్ సర్వీసులో మీటరు వైపు, ముందు ప్యానెల్ వైపు జెట్టు కొట్టవద్దని ముందే చెప్పి, ఆ భాగం వరకు ఇంట్లో తడిగుడ్డతో తుడుచుకుంటున్నాను.